పెనుకొండ గుర్రాల నుంచి ధర్మవరం పిల్లి దాకా: జంతువుల ఊపిరి వినడం ఎలా నేర్చుకున్నాం?

ఈ ఎపిసోడ్‌లో విషయం వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. కుక్కకో పిల్లికో ఊపిరి జబ్బు చేస్తే దాన్ని కళ్లతో చూసి, చెవులతో విని, వేళ్లతో తట్టి కనిపెట్టే విద్య ఒకటుంది. ఆ విద్య ఎక్కడ పుట్టింది, ఎన్ని జంతువుల మీదుగా నడిచి కుక్క దగ్గరికి, పిల్లి దగ్గరికి వచ్చింది, మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపుకి ఏ దారిన చేరింది అన్నదే ఇవాళ్టి కథ. నేను పశువైద్యుణ్ణి. ఈ మూడు ఊళ్ల మధ్య చాలా ఏళ్లు తిరిగినవాణ్ణి. చరిత్ర నాకు ఉద్యోగం కాదు, పిచ్చి మాత్రమే. అందుకని మధ్యమధ్యలో డాక్టరు మాటలు వస్తాయి, ఓపిక పట్టండి.

ముందు ఒక తెలుగు మాట చూద్దాం. ఆయాసం ఉన్న మనిషి ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు వచ్చే చప్పుడుని మనవాళ్లు ఏమంటారు? పిల్లికూతలు. ఎంత బాగా పెట్టారో చూడండి ఆ పేరు. కానీ పిల్లికి కూడా ఆస్తమా వస్తుందని, దాని ఛాతీలో కూడా అవే కూతలు వినిపిస్తాయని మన ఊళ్లల్లో ఎంతమందికి తెలుసు? మనిషి జబ్బుకి పేరు పెట్టడానికి పిల్లిని అరువు తెచ్చుకున్నాం గానీ, పిల్లి ఛాతీకి చెవి మాత్రం ఆనించలేదు. అదే పశువుల విషయానికి రండి. గొంతువాపు జబ్బుని చాలా ఊళ్లల్లో గురకరోగం అంటారు. ఎద్దు గురక పెడితే రైతు అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ఎందుకంటే ఎద్దు పోతే సేద్యం పోతుంది. అంటే మనకి చెవులు లేక కాదండీ. ఏ జంతువు ఊపిరి వినాలన్నది దాని ధర నిర్ణయించింది. ఈ కథంతా ఆ ధర చుట్టూనే తిరుగుతుంది.

పెనుకొండ నుంచి మొదలుపెడదాం. విజయనగర రాజుల కాలంలో అన్నిటికంటే ఖరీదైన జంతువు గుర్రం. అరేబియా నుంచి, పర్షియా నుంచి ఓడల్లో దిగుమతి. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ 1535 ప్రాంతంలో రాసిన వృత్తాంతంలో ఒక మాట ఉంది. సాళువ నరసింహుడు హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలకి వర్తకులు అడిగినంత ఇచ్చేవాడట. బతికినా చచ్చినా సరే, వెయ్యి పరదాలకి మూడు చొప్పున కొనేవాడట. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినట్టే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడట. ఆ నరసింహుడి కొడుకునే ఆ తర్వాత నరసనాయకుడు మన పెనుకొండ కోటలో ఉంచేశాడు, పేరుకి రాజుగా, నిజానికి ఖైదీగా. 1565 తర్వాత ఇదే పెనుకొండ రాజధాని కూడా అయింది.

ఆ తోకల సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. సముద్రంలో గుర్రాలు ఎందుకు చచ్చేవి? నీళ్లు చాలక, మేత చాలక, తుఫానుకి, ఎన్నో కారణాలు ఉంటాయి. కానీ మా వైద్యంలో ఇవాళ బాగా తెలిసిన విషయం ఒకటుంది. గుర్రాన్ని తల దించుకోనివ్వకుండా, మెడ పైకి కట్టి చాలాసేపు ప్రయాణం చేయిస్తే ఊపిరితిత్తులకి న్యుమోనియా పడుతుంది. గుర్రం తల కిందికి దించినప్పుడే గాలిగొట్టంలో చేరిన మురికి, కఫం బయటికి జారుతాయి. తల దించనివ్వకపోతే అదంతా లోపలికే పోతుంది. ఇప్పుడు లారీల్లో, విమానాల్లో పోయే పందెం గుర్రాలకి కూడా ఇదే బాధ. వారాల తరబడి ఓడ అడుగున కట్టేసిన గుర్రాల పరిస్థితి మీరే ఊహించుకోండి. చచ్చినవన్నీ దీనితోనే చచ్చాయని నేను అనను. డబ్బు లెక్క రాసినవాడు జబ్బు లెక్క రాయలేదు, అంతే.

అలాగని మనవాళ్లు గుర్రపు వైద్యం ఎరగనివాళ్లేం కాదు. శాలిహోత్రుడి పేరు మీద గుర్రాలకి ఒక శాస్త్రమే ఉంది. పాలకాప్యుడి పేరు మీద ఏనుగులకి హస్త్యాయుర్వేదం ఉంది. తెలుగులో మనుమంచిభట్టు గుర్రాల మీద పద్యాల్లో హయలక్షణ విలాసం రాశాడు. ఇక మనుషుల సంగతికొస్తే, ఆయుర్వేదం ఆయాసాన్ని మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు రకాలుగా విడదీసింది. ఛిన్నశ్వాస అంటే తెగి తెగి వచ్చే ఊపిరి. తమకశ్వాస అంటే దాదాపు మనం ఆస్తమా అనేది. రోగి పక్కన కూర్చుని ఊపిరి లయను గమనించినవాళ్లు తప్ప ఇలాంటి విభజన చేయలేరు.

మరి కుక్క? 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో కుక్కల గురించి ఒక భాగం ఉంది. అయితే అది వినోదాల కింద ఉంది. వేట కుక్కని ఎలా ఎంచుకోవాలి, ఎలా తర్ఫీదు ఇవ్వాలి అన్నది అక్కడి ఆసక్తి. పిల్లికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఇక్కడ కాసేపు యూరప్ వెళ్లాలి. ఎందుకంటే 1761 అనే సంవత్సరం ఈ కథకి నడుమ స్తంభం లాంటిది. ఆ ఏడాది రెండు పనులు జరిగాయి, ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా.

మొదటిది వియన్నాలో. లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు ఒక చిన్న పుస్తకం వేశాడు. మనిషి ఛాతీ మీద వేళ్లతో తడితే లోపల గాలి ఉందా, నీరు ఉందా, గట్టిపడిందా తెలుస్తుందని అందులో చెప్పాడు. వాళ్ల నాన్నది గ్రాజ్ ఊళ్లో సత్రం. పీపాల్లో సారాయి ఎంతవరకు ఉందో తట్టి చూసే అలవాటు చిన్నప్పటి నుంచి చూశాడని, అక్కణ్ణుంచే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. మనకి ఇదేం కొత్త కాదు కదా. సంతలో కుండ కొనే ఆడమనిషి వేలితో తట్టి చూడకుండా డబ్బులు ఇస్తుందా? ఖంగున మోగితే మంచిది, బొద్దుగా పలికితే బీట ఉన్నట్టు. ఔయెన్‌బ్రుగ్గర్ ఇంకో అడుగు ముందుకేసి, శవాల ఛాతీలోకి నీళ్లు ఎక్కించి, ఎక్కడిదాకా చప్పుడు మారుతోందో తట్టి సరిచూసుకున్నాడు. అయినా తోటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విజార్ ఆ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి మార్చాకే దానికి గౌరవం దక్కింది. ఆ మరుసటి ఏడాదే ఔయెన్‌బ్రుగ్గర్ చనిపోయాడు.

రెండోది ఫ్రాన్స్‌లో, లియాన్ నగరంలో. క్లోద్ బూర్జెలా అనే గుర్రపుస్వారీ గురువు పశువైద్య పాఠశాల పెట్టడానికి 1761లో రాజు దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. 1762లో తలుపులు తెరిచాడు. ప్రపంచంలో ఆధునిక పశువైద్య విద్యకి అదే మొదలు. దాని వెనకున్న భయం ముసర వ్యాధి. యూరప్‌లో ఆవుల మందలకి మందలే తుడిచిపెట్టుకుపోతున్న రోజులవి. అంటే అక్కడ కూడా కొలమానం ఇదే. స్వారీకి గుర్రం, పొలానికి ఎద్దు, పాలకి ఆవు.

స్టెతస్కోపు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, త్వరగా చెప్పేస్తాను. 1816లో పారిస్ నెకెర్ ఆసుపత్రిలో లయెనెక్ అనే డాక్టరు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాల కట్టని గొట్టంలా చుట్టి విన్నాడు. చెవి పెట్టి విన్నదానికంటే స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్క గొట్టం చేయించాడు, 1819లో పుస్తకం వేశాడు, 1826లో క్షయతో పోయాడు. నాకు ఇష్టమైంది ఆయన పడ్డ ఇంకో కష్టం. విన్న చప్పుళ్లకి పేర్లు లేవు! అందుకని వేడి పెనం మీద ఉప్పు చిటపటలాడినట్టు, పావురం గుర్రుమన్నట్టు అని పోలికలు పెట్టుకుంటూ పోయాడు. మన పిల్లికూతలు కూడా అదే దారిలో పుట్టిన మాట.

మనిషి కోసం పుట్టిన ఈ విద్య తర్వాతి దశాబ్దాల్లో పశువైద్యుల చేతికి వచ్చింది. మొదట గుర్రం, తర్వాత ఆవు. కుక్క దగ్గరికి తీసుకొచ్చిన ఘనత లండన్‌లో ఇద్దరికి ఇవ్వాలి, డెలబీర్ బ్లేన్, విలియం యూయట్. తోటివాళ్లు గుర్రాల దగ్గర సంపాదిస్తుంటే వీళ్లు కుక్కల వైద్యం పెట్టుకున్నారు. బ్లేన్ 1817లో కుక్కల జబ్బుల మీద పుస్తకం రాశాడు, యూయట్ 1845లో రాశాడు. వాళ్లకంటే ముందే 1809లో, మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ కుక్కల డిస్టెంపర్ గురించి ఒక వ్యాసం చదివాడు. ముక్కు కారడం, దగ్గు, ఎగపోత, చివరికి ఫిట్స్. ఇవాళ మన వీధుల్లో టీకా పడని కుక్కపిల్లకి వచ్చేది ఈ జబ్బే. జెన్నర్‌కి ఆ కుక్కలు ఎక్కడివనుకున్నారు? ఇంకెక్కడివి, దొరల వేటకుక్కలు.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. హిందూపురం ఊరు పేరే ఒక మరాఠా సర్దారుతో ముడిపడి ఉందని చెబుతారు. గుత్తి మురారిరావు తన తండ్రి హిందోజీ పేరు మీద కట్టించాడని కథ. మురారిరావు బలమంతా గుర్రపు దళమే. 1800లో నిజాం ఈ సీమని కంపెనీకి ఇచ్చేశాడు, దత్తమండలం అయింది. కంపెనీకి కూడా గుర్రాలే కావాలి, బళ్లారి దండుకి, బెంగుళూరు దండుకి. అందువల్ల మన దేశంలో పశువైద్య విద్య మొదలైందే సైన్యం నీడలో. 1862లో పుణేలో సైనిక పశువైద్య పాఠశాల, 1882లో లాహోర్ కళాశాల, 1886లో బొంబాయి, 1893లో కలకత్తా. అదే 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. మధ్యలో పశువుల తెగుళ్ల మీద ఒక కమిషన్ వేసి, 1871లో పెద్ద నివేదిక తెచ్చారు. అది ఆవులు, ఎద్దుల లెక్క.

ఊపిరి జబ్బుల విషయంలో ఒక చట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1899లో గ్లాండర్స్ చట్టం వచ్చింది. గ్లాండర్స్ అంటే గుర్రాలకి, గాడిదలకి వచ్చే భయంకరమైన జబ్బు. ముక్కులోంచి చిక్కటి చీము, ముక్కు లోపలి పొర మీద పుండ్లు, దవడ కింద గట్టిగా రాయిలా బిళ్ల. మనిషికి కూడా అంటుకుంటుంది, అంటితే ఆ రోజుల్లో బతకడం కష్టం. ఇన్‌స్పెక్టరు కొట్టంలోకి వచ్చి గుర్రాన్ని పరీక్షించొచ్చు, జబ్బు తేలితే చంపించొచ్చు. 1890ల్లో గుంతకల్లు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు వైపు రైలు వచ్చాక, ప్రతి స్టేషను బయటా జట్కాలు నిలబడ్డాయి. జట్కా గుర్రం ముక్కు చూడటం ఒక సర్కారు పని అయింది. చూడండి, ఒక జంతువు ముక్కు కారడం గురించి ఏకంగా చట్టమే చేశారు. ఆ చట్టం 2009లో కొత్త చట్టం వచ్చేదాకా బతికే ఉంది. నిజం చెప్పాలంటే, ఈనాటికీ నేను కుక్క ముక్కు చూసేటప్పుడు చేసే పని ఆ ఇన్‌స్పెక్టరు చేసిన పనే. ఒక రంధ్రమా రెండా? నీరా, చీమా, నెత్తురా? దవడ కింద బిళ్ల ఉందా?

మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో సైదాపేటలో మొదలైంది, రెండేళ్లకి వేపేరికి మారింది. 1936లో మద్రాసు విశ్వవిద్యాలయంతో కలిసి డిగ్రీ ఇచ్చే కళాశాల అయింది. మన దేశంలో ఒక విశ్వవిద్యాలయం కిందికి వచ్చిన మొదటి పశువైద్య కళాశాల అదే. అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలోనిది కాబట్టి, మనకి వచ్చే వెటర్నరీ అసిస్టెంట్లు అక్కడ చదివినవాళ్లే. వాళ్ల పనంతా ముసర వ్యాధికి సీరం, దొమ్మరోగానికి సూది, ఎద్దులకి ఆపరేషన్లు. కుక్క సర్కారు పుస్తకాల్లో లేదా అంటే ఉంది, పిచ్చికుక్కగా. 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. కరిచిన కుక్క గురించి అంత దూరం ఏర్పాట్లు జరిగాయి. దగ్గే కుక్క గురించి ఎవరు అడుగుతారు?

అడిగినవాళ్లు ఇంగ్లండ్‌లోనే ఉన్నారు, మళ్లీ వేటగాళ్లే. డిస్టెంపర్‌కి కారణం కంటికి కనపడని వైరస్ అని 1905లో ఫ్రాన్స్‌లో కారే చెప్పాడు. 1910 ప్రాంతంలో అమెరికాలో ఫెర్రీ కాదన్నాడు, జబ్బు కుక్కల గాలిగొట్టంలో ఒక బాక్టీరియా దొరికింది, అదే కారణమన్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. చివరికి కారే మాటే నిజమని తేలింది. ఫెర్రీ పట్టుకున్నది కూడా ఉత్తది కాదు, ఇవాళ మేం కెన్నెల్ కాఫ్ అనే దగ్గుకి ఒక ముఖ్య కారణం అదే సూక్ష్మజీవి. 1920ల్లో ది ఫీల్డ్ అనే వేట పత్రిక పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి ఈ పరిశోధనకి ఇచ్చింది. లైడ్‌లా, డంకిన్ అనే ఇద్దరు మిల్ హిల్‌లో ముంగిస లాంటి ఫెర్రెట్ల మీద పనిచేసి, 1928కల్లా టీకా దాకా వచ్చారు. దీని తర్వాత జరిగింది చూడండి. 1933లో మనిషి ఫ్లూ వైరస్‌ని మొదటిసారి పట్టుకున్నది ఆ ఫెర్రెట్లలోనే, ఆ లైడ్‌లా ఉన్న బృందమే. కుక్క దగ్గు కోసం వేసిన చందా మనిషి జ్వరానికి పనికొచ్చింది.

పిల్లి వంతు ఇంకా ఆలస్యం. పిల్లుల జలుబుకి అసలు కారణాలైన రెండు వైరస్‌లు 1957, 58 ప్రాంతంలోగానీ బయటపడలేదు, ఒకటి న్యూజిలాండ్‌లో, ఒకటి అమెరికాలో. ఆ రోజుల్లోనే మన దగ్గర 1955లో బాపట్లలో ఆంధ్రా పశువైద్య కళాశాల పెట్టి, 1957లో తిరుపతికి మార్చారు. అనంతపురం వాళ్లకి మద్రాసు వెళ్లే బాధ తప్పింది. అక్కడా పాఠాల్లో సింహభాగం గేదె, ఆవు, గొర్రె, కోడివే. కరువు జిల్లాకి అదే న్యాయం కూడా. గొర్రెల మంద మీద బతికే కురుబ కుటుంబం ముందు నిలబడి కుక్కపిల్ల దగ్గు గురించి మాట్లాడితే ఎవడైనా నవ్వుతాడు. నేను దాన్ని తప్పుపట్టను.

కానీ కాలం మారింది. ముసర వ్యాధి 2011లో ప్రపంచం నుంచే పోయింది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలైంది. 2022లో జిల్లా మారి శ్రీసత్యసాయి జిల్లా అయింది. అపార్ట్‌మెంట్లు వచ్చాయి, వాటితో పాటు పగ్‌లు, పొమేరియన్లు, షిట్జూలు, పర్షియన్ పిల్లులు. ఒకప్పుడు రాజు గుర్రానికి డబ్బు పెట్టినట్టు ఇప్పుడు మధ్యతరగతి కుటుంబం కుక్కపిల్లకి వేలు పెడుతోంది. ధర పెరిగింది కాబట్టి మన చెవులు కూడా తెరుచుకున్నాయి. అయితే ఒక అలవాటు మాత్రం మారలేదు. ఇంట్లో జంతువు నలతగా ఉంటే మనం వేసే మొదటి ప్రశ్న, "తింటోందా?" తింటోందంటే బాగున్నట్టే అనుకుంటాం. ఊపిరి జబ్బు విషయంలో ఈ లెక్క చాలా ప్రాణాలు తీసింది. ముఖ్యంగా పిల్లి, ఆయాసం ముదిరేదాకా ఏమీ జరగనట్టే కూర్చుంటుంది.

అందుకే ఈ పాత విద్యలో మొదటి పాఠం, ముట్టుకోకముందు చూడటం. బుట్టలో ఉన్న పిల్లిని బుట్టలోనే చూడాలి. మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి, మెడ ముందుకి చాచి కూర్చుందా? ఛాతీ పైకి లేచేటప్పుడు పొట్ట లోపలికి పోతోందా? నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? కుక్క రొప్పడం మామూలే, ధర్మవరం ఎండలకి రొప్పకపోతే అది బతకదు. పిల్లి ఊరికే కూర్చుని నోరు తెరిచిందంటే మాత్రం అది పరుగెత్తాల్సిన పరిస్థితి.

రెండో పాఠం నాకు అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది. కష్టం ఊపిరి తీసేటప్పుడా, వదిలేటప్పుడా? కొబ్బరిబోండాంలో మెత్తబడిన కాగితం స్ట్రా వేసి గట్టిగా పీల్చండి, స్ట్రా నొక్కుకుపోతుంది. ముక్కు, గొంతు, మెడలోని గాలిగొట్టం ఇలాగే, ఊపిరి తీసేటప్పుడే ఇరుకవుతాయి. కాబట్టి తీసేటప్పుడు కష్టపడుతూ, గురకో ఈలో వినిపిస్తుంటే జబ్బు పైన ఉంది. ఛాతీ లోపలి సన్నగొట్టాలు దీనికి తిరగేసి, వదిలేటప్పుడు ఇరుకవుతాయి. వదలడానికి పొట్ట నొక్కుతోందంటే పిల్లి ఆస్తమా లాంటివి అనుమానించాలి. ఈ రెండూ కాకుండా పైపైన గబగబా ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తి చుట్టూ నీరో, చీమో, గాలో చేరి దాన్ని విచ్చుకోనివ్వడం లేదేమో చూడాలి. స్టెతస్కోపు ఇంకా మెడలోనే ఉంది, సగం జబ్బు తెలిసిపోయింది.

పగ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముక్కు రంధ్రాలు కత్తితో గీత గీసినట్టు ఉంటాయి. ఆ గురకని ముద్దు అనుకుంటాం. నన్నడిగితే అది ముద్దు కాదు, ఇరుకు. పొమేరియన్ బాతు అరిచినట్టు దగ్గితే, మెడలో గాలిగొట్టం మీద వేలు సున్నితంగా పెట్టి చూస్తే అదే దగ్గు మళ్లీ వస్తుంది. మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వేయమంటాం. హిందూపురం మిరపకాయల మార్కెట్ దగ్గర కాపురం ఉండేవాళ్ల కుక్క తుమ్మితే మాత్రం నేను వెంటనే భయపడను, అక్కడ నేనూ తుమ్ముతాను.

ధర్మవరంలో ఒక నేత ఇంటికి వెళ్లిన రోజు చెబుతాను. వాళ్ల పిల్లి ఎప్పుడూ మగ్గం గుంతలో పడుకునేది. ఆ ఇంటావిడ ఫోన్ చేసి, "సారూ, పిల్లి తింటానే ఉంది, కానీ ఊపిరి పొట్టతో తీస్తాంది. మగ్గం ఆపి చూసినా, నా ఊపిరికి రెండింతలు ఉండాది" అంది. అంత సరిగ్గా చెప్పినవాళ్లు నాకు తక్కువ. దగ్గర్లో ఎక్స్‌రే లేదు. ఉన్నా, ఆ స్థితిలో పిల్లిని బల్ల మీద వెల్లకిలా పట్టుకుంటే అక్కడే పోవచ్చు. స్టెతస్కోపు పెడితే ఛాతీ పై భాగంలో ఊపిరి వినిపిస్తోంది, కింది భాగంలో ఏమీ లేదు. వేలు ఆనించి ఇంకో వేలితో తట్టాను. పైన మోగింది, కింద బొద్దుగా పలికింది. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా. పీపాలో సారాయి మట్టం లాగే. సన్నని సూదితో తీస్తే చీము వచ్చింది. చాలా రోజులు మందులు వాడాక ఆ పిల్లి మళ్లీ మగ్గం గుంతలోకి దిగింది.

ఇంకా చిన్నచిన్న సంగతులు ఉన్నాయి. ఒత్తుగా జుట్టున్న కుక్కకి స్టెతస్కోపు పెడితే వెంట్రుకల రాపిడే ఉప్పు చిటపటలా వినిపించి మోసం చేస్తుంది. జుట్టు కాస్త తడిపితే సరి. మేడ మీంచి పడ్డ పిల్లి ఛాతీలో గుడగుడమని పేగుల చప్పుడు వస్తే మధ్యలోని పొర చిరిగి పేగులు పైకి వచ్చాయేమో చూడాలి. చిగుళ్లు నీలంగా మారాకే తీసుకొస్తే చాలా ఆలస్యమైనట్టు, రంగు మారడం చివర్లో జరిగే పని. కుక్క గుండె ఊపిరితో పాటు వేగం పెంచుతూ తగ్గిస్తూ కొట్టుకోవడం మామూలే. దగ్గుతున్న కుక్కలో ఆ ఊగిసలాట ఇంకా ఉంటే గుండె జబ్బు కంటే ఊపిరితిత్తుల వైపు అనుమానం పోతుంది. ఇక పిల్లి ప్రేమగా గుర్రుమంటుంటే ఛాతీలో ఏమీ వినిపించదు. అప్పుడు పక్కన కొళాయి తిప్పితే చాలు, చాలా పిల్లులు నీళ్ల చప్పుడుకి గుర్రుమనడం ఆపేసి అటు చూస్తాయి. ఆ నాలుగు క్షణాల్లో మేం వినాల్సింది వినేస్తాం.

మీరు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది, స్టెతస్కోపు అక్కర్లేదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు, అది గాఢంగా నిద్రపోతుండగా, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని డొక్క ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. లేచి పడితే ఒకటి. కుక్కకైనా పిల్లికైనా నిద్రలో నిమిషానికి ముప్పై లోపు ఉండాలి. రెండు మూడు రోజులు వరసగా ముప్పై దాటుతుంటే డాక్టరుకి చూపించండి. కష్టపడి ఊపిరి తీస్తుంటే రెండో రోజు దాకా ఆగకండి. వెళ్లినప్పుడు తింటోందా లేదా అన్నదానికంటే ముందు ఆ అంకె చెప్పండి.

జట్కా గుర్రాల గురించి, గ్లాండర్స్ చట్టం గురించి ఇవాళ రెండు మాటల్లో దాటేశాను. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి మన స్టేషన్ల దగ్గరి జట్కాలు గుర్తుంటే అడిగి రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి దగ్గరికే వెళ్దాం.